గుండెలక్క వారసురాలు

"మళ్ళీ చచ్చాయా?"

ప్రొఫెసర్ మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే అడిగాడు. డిష్‌లో గుండె కణాలు ఒక్కటీ కదలడం లేదు. జూనియర్ నేలచూపులు చూస్తూ నిలబడింది.

"అక్క చెప్పినట్టే చేశాను సార్."

"అయితే అక్క చెప్పడంలోనే లోపం."

పక్కనే ఉన్న సీనియర్ అక్క చేతిలో పీహెచ్‌డీ థీసిస్ ఉంది. ఆయన సంతకం కోసం ఏడాదిగా ఉంది.

"సార్, రేపటిలోగా మీ సంతకం లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఇప్పటికే మూడు నెలలు ఆగారు."

"నేను వద్దన్నానా తల్లీ? నీ పని చేసే మనిషిని తయారుచెయ్యి, ఆ నిమిషమే పెడతా. నువ్వు వెళ్ళిపోతే ఈ గుండెలు ఎవరు పెంచుతారు, నేనా?"

ఆయన పెంచలేడు. ఆ సంగతి ల్యాబులో గోడలకు కూడా తెలుసు. మూలకణాలను గుండె కణాలుగా మార్చి, పన్నెండో రోజుకల్లా డిష్‌లో టపటపా కొట్టుకునేలా చేయడం ఆమె ఒక్కదానికే వచ్చు. అందుకే అందరికీ గుండెలక్క అయింది. ఇంజనీరింగ్‌లో బంగారు పతకం, పేరు మీద మూడు పేపర్లు, ఏం లాభం? కణాలకు రోజూ ఒకే వేళకు ఆహారం మార్చాలి. ఆదివారం లేదు, జ్వరం లేదు. సొంత చెల్లెలి పెళ్ళిలో ఫొటో కూడా దిగకుండా పరిగెత్తుకొచ్చింది.

బయటికి రాగానే జూనియర్ మీద విరుచుకుపడింది.

"ఆర్నెల్లుగా గొంతు చించుకుంటున్నానే! అన్నీ చెప్పింది చెప్పినట్టే చేస్తావు, తీరా చూపించే రోజుకి చంపేస్తావు. నీకేం పోయేకాలం?"

"నా తలరాత అక్కా," అని జూనియర్ చేతి తొడుగులు విప్పేసి టీకి వెళ్ళిపోయింది.

అమ్మ ఫోన్ చేసింది. "సంతకం అయిందా?" గుండెలక్క ఫోన్ పెట్టేసింది. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ సర్దుతుంటే, అడుగు అరలో పాత డబ్బాల వెనక ఒక డిష్ కనిపించింది. మూత మీద తారీఖు జూనియర్ చేతిరాత. తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది.

కణాలన్నీ ఒక్క పొరలా అతుక్కుని, ఒకేసారి, ఒకే లయలో కొట్టుకుంటున్నాయి. తను పెంచినవి కూడా ఇంత బాగా ఉండవు.

వెనక టీ నుంచి వస్తున్న జూనియర్ అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?" గుండెలక్క వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"రెండో నెల నుంచి."

"మరి సార్‌కి చూపించేవి?"

"ముందురోజు వాటిని ఇంక్యుబేటర్ బయట వదిలేస్తాను, చస్తాయి."

"అమ్మ దొంగదానా! నా గొంతు కొయ్యడానికి నీకేం చేశానే?"

"మీ మీద నాకేం కోపం అక్కా? ఈ పని వచ్చి మీరేం బావుకున్నారు? నాకూ వచ్చని తెలిస్తే నా బతుకూ ఇక్కడే తెల్లారిపోతుంది." జూనియర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను తీసుకోవడానికి వేరే ల్యాబు వాళ్ళు ఇవి కొట్టుకునే వీడియో అడిగారు. అందుకే ఆ ఒక్కటీ దాచాను. అక్కడ ఈ పని ముగ్గురికి వచ్చట, ఎవర్నీ కట్టిపడెయ్యరు. నేను అక్కడికి వెళ్ళిపోయేదాకా ఒక్క నెల ఓపిక పట్టండక్కా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నెల! గుండెలక్కకు జాలేసింది, నిజంగానే వేసింది. ఆ పిల్ల చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ తలుపు తెరుచుకోవడానికి ఉన్నది ఈ ఒక్క రోజే.

"నన్ను క్షమించవే," అని చెయ్యి విడిపించుకుని డిష్ తీసుకుంది. వెనక జూనియర్ వెక్కిళ్ళు వినిపిస్తున్నా ఆగలేదు.

ప్రొఫెసర్ చాలాసేపు చూశాడు. చూస్తూండగానే ఆయన మొహం చాటంతయింది.

"ఎవరు చేశారు?"

"జూనియర్ సార్. రెండో నెలలోనే నేర్చేసుకుంది. ఇక నాతో పనిలేదు." తప్పు చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. అయినా థీసిస్, దాని మీద పెన్ను ఆయన ముందుకు జరిపింది.

ఆయన పెన్ను అందుకున్నాడు. థీసిస్‌ను పక్కకు నెట్టి, సొరుగులోంచి ఒక దరఖాస్తు తీశాడు.

"ఐదేళ్ళ ప్రాజెక్టు. గుండెలు పెంచేవాళ్ళు కనీసం ఇద్దరుంటేనే నిధులు ఇస్తామన్నారు," అంటూ మొదటి గడిలో గుండెలక్క పేరు రాసి, తలెత్తాడు. "రెండో గడికి... జూనియర్ పూర్తి పేరేంటమ్మా?"