డోన్‌లో సముద్రం

గాజు గొట్టంలో నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.

కేశవ ఉసూరుమన్నాడు. తొట్టి నీళ్లలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. ఎరుపు వచ్చిందంటే నైట్రేటు మితిమీరినట్టు. నీళ్లలో ఏది కుళ్లినా చివరికి మిగిలేది అదే. ఉప్పునీటి చేపలకు అది పడదు.

"ఏమొచ్చింది?" వంటింట్లోంచి భార్య శివలీల అడిగింది.

"ఎరుపే."

"వచ్చే ఆదివారం గూడా ఎరుపే వస్తే తొట్టి అమ్మేస్తా, చెప్తాండా. బిందెడు నీళ్లకు ట్యాంకరు కాడ జుట్లు పట్టుకుంటాండాము. నువ్వేమో ఈడ సముద్రానికి స్నానం చేయిస్తాండావు."

ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. లారీ ఆఫీసులో బుకింగులు చూసుకునే కేశవ ఒకసారి సరుకు వెంట నెల్లూరు వైపు పోయి సముద్రాన్ని చూశాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. తొట్టి, ఉప్పు, రాళ్లు, పంపు, లైటు కొన్నాడు. కర్నూలులో అక్వేరియం అంగడి పెట్టుకున్న భూపేష్ ఒక ఎర్ర ప్లాస్టిక్ నాచుమొక్కను ఊరికే ఇచ్చాడు. పంపు నీళ్లు తోసినప్పుడల్లా అది ఊగుతూ ఉంటుంది.

కేశవ భూపేష్‌కు ఫోన్ చేశాడు.

"నీళ్లు మారుస్తాండావా అన్నా?" అడిగాడు భూపేష్.

"వారం వారం పావు తొట్టి మారుస్తాండా. బోరు నీళ్లు."

"ఫస్టు ఆ బోరు నీళ్లు పరీక్ష చెయ్."

చేశాడు. అదీ ఎరుపే. చుట్టుపక్కల పొలాలకు చల్లిన యూరియా అంతా అందులోకే దిగినట్టుంది. ఆ రోజు నుంచి శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు తెప్పించి, వాటిలో ఉప్పు కలిపి పోశాడు. ఇంట్లో మనుషులు ట్యాంకరు నీళ్లు తాగారు. తొట్టి క్యాను నీళ్లు తాగింది.

"అంబలి తాగేవానికి మీసాలెత్తేవాడు ఒకడంట," అంది శివలీల.

అయినా ఎరుపే.

"లోపల ఏదో కుళ్లుతాండాదన్నా," అన్నాడు భూపేష్. "ఎవరో ఏందో వేస్తాండారు. కనిపెట్టు."

శనివారం పొద్దున కేశవ ఆఫీసుకు పోయినట్టే పోయి, వెనక్కి వచ్చి తలుపు చాటున నిలబడ్డాడు.

కాసేపటికి, చూపు బాగా మసకబారిన అతని నాయనమ్మ సుబ్బక్క గోడ పట్టుకుంటూ వచ్చింది. చేతిలో కంచం. అందులో రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి. ఆమెకు ఒక పట్టింపు ఉంది. తన తిండిలోంచి నోరులేని జీవానికి ఇంత పెట్టందే తను ముద్ద ముట్టదు. కోసిగి దగ్గర పల్లెలో ఉన్నన్నాళ్లూ ఎద్దు తినేది, లేకుంటే వీధి కుక్క తినేది. డోన్‌లో ఇల్లు మేడమీద. మెట్లు దిగలేదు. కిటికీలకు జాలీ, కాకి కూడా రాదు. వచ్చిన కొత్తలో తిండి మానేసి చిక్కి సగమైంది. సెలైన్లు ఎక్కించారు. ఎందుకో గానీ ఈమధ్యే మళ్లీ కడుపునిండా తింటోంది. ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నారు.

సుబ్బక్క ఉసిరికాయంత సంగటి తీసి తొట్టిలో చెయ్యి ముంచింది. చిదిపి చిదిపి వదిలింది. అది రాళ్ల సందుల్లోకి జారిపోయింది.

"జేజీ! ఏం చేస్తాండావు?"

"ఎవరూ, కేశవనా?" గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. "మేత పెడ్తాండా. నువ్వు పొద్దున్నే పోతావు. నీ పెండ్లానికి తీరదు. ఆకలని అడిగేదానికి నోరుండాదా పాపం దానికి?"

"సంగటి చేపలకు పడదు జేజీ."

"పడకుంటే ఎట్ల తింటాండాదిరా? ఆ ఎర్రది శానా మచ్చికయింది. చెయ్యి పెడితే చాలు, వచ్చి నా యేలు నాకిపోతాది. అది తిన్నాకనే నేను తినేది."

తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, అక్కడే కూర్చుని, కంచంలో మెతుకు మిగల్చకుండా తిన్నది.

కేశవ తొట్టి వైపు చూశాడు. ఒక్క మాట చెబితే అన్నీ చక్కబడతాయి. కానీ ఆ మాట విన్నాక జేజి రేపట్నుంచి తింటుందా? అతనికి ఏడుపొచ్చింది. వంటింటి గుమ్మంలో శివలీల అన్నీ వింటూ నిలబడి ఉంది.

ఆదివారం వచ్చింది. గొట్టంలో చిక్కటి ఎరుపు. శివలీల అటు చూడనైనా లేదు.

"క్యాన్లాయప్పకు ఫోన్ చెయ్. ఇంకో రెండు తెమ్మను," అంది. "జేజీ, ఇంకొంచెం సంగటి పెట్టనా?"

"పెట్టుమ్మా. ఆ ఎర్రదానికి గూడా చాలాల గదా."

నైట్రేటు తగ్గేదాకా అమ్మేది లేదని భూపేష్ మొండికేయడంతో, ఆ తొట్టిలోకి ఇంతవరకూ ఒక్క చేప కూడా రాలేదు.