ఒకే వైపు తేడా

"ఇయి చూడండి బాబూ, గలగలమని ఎండిన రొయ్యలు!" వెంకటసుబ్బులు బతిమాలింది.

తన పాక గుమ్మం ముందు ఆమె పెట్టిన గంపల వైపు సరుకు కొనడానికొచ్చిన జగన్నాథరావు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఎదురుగా పెట్టిందే చూడమంటావు. నేను తెనాలివాణ్ణమ్మా!"

పాకలో వెనక మూలకి వెళ్లాడు. నాలుగు గంపల్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి గుప్పెళ్లు తీశాడు. బంగారంలాంటి సరుకు. డ్రైవరు బాలస్వామి నలభై గంపలూ లారీకెక్కించాడు.

రేపల్లెలో బంగారం. తెనాలిలో విప్పితే సగం గంపల్లో చెమ్మ, ఇసుక! ఇలా జరగడం నాలుగోసారి. కొట్లవాళ్లు సరుకు మొహాన కొడుతున్నారు.

దారిలో ఏదో జరుగుతోంది. దారిలో ఉండేది బాలస్వామి ఒక్కడే.

బావమరిది బాబూరావు బాపట్ల కాలేజీలో కొత్తగా పెట్టిన స్టాటిస్టిక్స్ చెబుతాడు. ఆదివారం భోజనానికొచ్చి అంతా విన్నాడు.

"నాలుగు గంపలు చూసి నలభైకి తీర్పు చెబితే కొంత తేడా రాక తప్పదు బావగారూ. కానీ అది ఓసారి అటు, ఓసారి ఇటు రావాలి. మీరు చూసినదానికన్నా సరుకు మంచిదని ఎప్పుడైనా తేలిందా?"

"ఒక్కసారీ లేదోయ్."

"ఎప్పుడూ ఒకే వైపు వస్తోందంటే అందులో ఎవరిదో చెయ్యి ఉంది. ఈసారి చీట్లు వేసి, ఏ గంప వస్తే అది చూడండి."

"కళ్లుండి గుడ్డిబేరం చెయ్యమంటావేంటి!" జగన్నాథరావు నవ్వేశాడు. చెయ్యి ఎవరిదో ఆయనకి తెలిసిపోయింది.

మర్నాడే బాలస్వామి చేత లారీ తాళాలు బల్లమీద పెట్టించాడు.

"మీ ఉప్పు తిన్నానండి. టీ తాగడానిక్కూడా బండి ఆపలేదండి. ఈ వయసులో నన్నింకెవరు పెట్టుకుంటారండి?"

"నేను కాదు బాలస్వామీ, లెక్కే చెప్పింది. వెళ్లు."

ఈసారి రేపల్లెకి కొత్త డ్రైవరుతో వెళ్లాడు. వాడి మీదా అనుమానమే. వాడికీ పాకవాళ్లకీ లాలూచీ ఏమైనా ఉందేమోనని లారీ మలుపులోనే ఆపించి, చప్పుడు కాకుండా నడిచి వచ్చి తడిక పక్కన నిలబడ్డాడు.

లోపల వెంకటసుబ్బులు కోడల్ని తొందర పెడుతోంది:

"ఒసే సుబ్బరత్నం, తెనాలి బాబుగారొచ్చే వేళయింది, మంచి గంపలన్నీ వెనక మూలకి నెట్టవే!"