తీసేసిన తనిఖీ

“ఒక్క కోత మిషన్ని ఇద్దరికెలా ఇచ్చారయ్యా? కంకిపాడులో రైతులు జక్కయ్య, ఎలీషా చొక్కాలు పట్టుకుంటున్నారు. పైన చూస్తే మబ్బు!”

బసవయ్య అరుస్తున్న ఫోన్ని బల్లమీద పడేసి ఎదురుగా నిలబడ్డ ఇద్దరినీ చూశాడు. వరికోత మిషన్లు అద్దెకిచ్చే వెబ్‌సైట్ ఆయనది. రైతుల ఫోన్లో కనిపించే కొత్త పేజీలు జోయెల్ రియాక్ట్‌లో రాశాడు. వెనక బుకింగులు నడిపే పాత జాంగో సర్వర్ వినీల చూస్తుంది. ఆ రెంటినీ కలిపి వారం కాలేదు. ఇద్దరి కళ్ళూ నిద్రలేక వాచి ఉన్నాయి.

హనుమాన్ జంక్షన్ నుంచి ఇంకో మిషన్ బయల్దేరాక రైతులు సర్దుకున్నారు. బసవయ్య సర్దుకోలేదు.

“మిషన్ ఖాళీగా ఉందా లేదా అని సర్వర్ తనిఖీ చేసేది కదా. ఏమైంది?”

“నేనే తీసేశాను సార్,” అంది వినీల నీరసంగా.

“నేనే తీయమన్నాను సార్,” జోయెల్ అడ్డుపడ్డాడు. “ఆ తనిఖీ పేజీలో పెడతానన్నాను. మర్చిపోయాను.”

“అబద్ధం సార్. తను అనలేదు.”

“నువ్వూరుకో వినీలా.”

బసవయ్య నెత్తి పట్టుకున్నాడు. “ఎక్కడైనా పేజీవాడు సర్వర్ని తిడతాడు, సర్వర్‌వాడు పేజీని తిడతాడు. మీరేంటమ్మా, తప్పు నాదంటే నాదని కొట్టుకుంటున్నారు? ఒకళ్ళు ఇవాళ ఇంటికెళ్ళాల్సిందే.”

“నన్ను పంపండి సార్!” ఇద్దరూ ఒకేసారి అన్నారు.

“ఆడపిల్లని ఇరికించకుండా ఒప్పుకున్నావు. నువ్వే వెళ్ళు జోయెల్.” బసవయ్య బీరువా తెరిచి ఒక ఫైలు తీశాడు. “ఇవిగో నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు. బాండ్ తీరకుండా మానేసేవాళ్ళకి చచ్చినా ఇవ్వను. నేనే తీసేస్తున్నా కాబట్టి ఇస్తున్నా. నువ్వెళ్ళి ఆ తనిఖీ మళ్ళీ పెట్టమ్మా. నీ బాండ్ ఇంకా రెండేళ్ళుంది.”

వినీల భోరుమంది.

జోయెల్ వెనకే మెట్లదాకా వచ్చింది. ఏలూరు రోడ్డు మీద బస్సుల హారన్లు.

“ఏడవకు,” అన్నాడు జోయెల్. “మీ అమ్మగారి వైద్యం నడవాలిగా. నీ ఉద్యోగం పోనిస్తానా? నాకింకోటి దొరుకుతుందిలే.”

వినీల అతని చేతిలోని ఫైలు వంకే చూస్తోంది.

“ఈ బాండ్ నుంచి బయటపడాలని నేనే, కావాలనే తీశాను జోయెల్.”