నడి సముద్రంలో ఆ చోటు

“బిడ్డా, నన్ను గూడ జర తీస్కపో. నడి సముద్రం దాంక అస్త, గంతే.”

యాట్ ఎక్కే చెక్క దగ్గర ఒక ముసలాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో తెల్లగుడ్డ కట్టిన మట్టి ముంత.

దాన్ని చూడగానే సంపత్‌కు ఒళ్ళు మండింది.

“ఇది మేం కిరాయికి మాట్లాడుకున్న బోటు, పెద్దాయనా. పిల్లజెల్లతోటి సరదాగ సైరుకు పోతున్నం. బూడిద ముంత పట్టుకొని ఎక్కుతనంటవేంది?”

“ఒక మూలకు కూసుంట బిడ్డా. పొద్దుమీకి రైలుకు ఊరికి పోతున్న. మల్ల రాను.”

“ఎక్కనియ్యిరా, పాపం,” అంది అప్పటికే పైన కూర్చున్న తల్లి బాలవ్వ.

“నువ్వూకో అవ్వా!”

సంపత్ చెక్క లాగించేసి, కెప్టెన్‌ను తొందరపెట్టాడు.

సూరత్ మరమగ్గాల మీద బతికే నాలుగు కుటుంబాలు కలిసి అంత ఖరీదైన మోటార్ యాట్ మాట్లాడుకోవడమంటే మాటలు కాదు. కరోనా రెండో వేవ్ తగ్గింది, ఒక్కరోజైనా హాయిగా గడుపుదామని దోస్తులను ఒప్పించింది సంపతే. అసలు సంగతి వాళ్ళకు తెలియదు.

ఆ వేవ్‌లోనే అతని తండ్రి ఆస్పత్రిలో చనిపోయాడు. జ్వరంతో ఇంట్లో పడి ఉన్న తల్లికి సంపత్ ఒకటే మాట చెప్పాడు.

“నా చేతులతోనే అగ్గి పెట్టిన అవ్వా. బోటు మీద పోయి నడి సముద్రంల కలిపిన.”

రెండూ అబద్ధాలే. అతను శ్మశానం గేటు దాకా పోయాడు. లోపల వరసగా కాలుతున్న శవాలను చూశాడు. ఇంట్లో చంటిపిల్ల గుర్తొచ్చింది. భయంతో వెనక్కి పరుగెత్తాడు. ఫోన్ కూడా ఆపేసుకున్నాడు.

అప్పటినుంచి బాలవ్వది ఒకటే పోరు. “ఆ జాగ ఒక్కసారి చూపియ్యి బిడ్డా.”

అందుకే ఈ యాట్.

డెక్ మీద దోస్తులు పాటలు పెట్టుకుని ఎగురుతున్నారు. సంపత్‌కు మాత్రం ఒక్కచోట కాలు నిలవడం లేదు.

“గీడనేనా?” అంది బాలవ్వ.

“ఇంకా ముందట.”

“గిదేనా?”

“జర ఆగే అవ్వా!”

చివరికి ఎటో ఒకవైపు వేలు చూపించాడు. ఎటు చూసినా ఒకటే నీళ్ళు. బాలవ్వ కొంగుముడి విప్పి బంతిపూలు, ఒక బీడీ కట్ట సముద్రంలో వదిలింది.

“కొడుకు చేతుల మీదికెళ్ళి పోయిండు. గా రోజులల్ల గంత అదృష్టం ఎవలకు దొరికింది?” అంటూ కళ్ళు తుడుచుకుంది.

సంపత్‌కు ఆ సముద్రంలోనే దూకేయాలనిపించింది.

తిరిగి వచ్చేసరికి పోటు తగ్గి, ఒడ్డంతా బురద తేలి ఉంది. సంపత్ అందరికంటే ముందే దిగాడు. ముసలాయన కనిపించలేదు. మనసు ఆగక వాచ్‌మన్‌ను అడిగాడు.

“చాచానా? వేరే బోటు దొరకలేదు. రైలు టైమైపోతోందని ఆ బురదలోనే బూడిద కలిపి వెళ్ళిపోయాడు,” అన్నాడు వాచ్‌మన్ గుజరాతీలో. “మీ తెలుగాయనే. ఇక్కడే సూరత్‌లో, వడోద్ బస్తీలో ఉండి మగ్గం నడిపేవాడు. కరోనా అప్పుడు శ్మశానంలో మీవాళ్ళ శవాలు దిక్కులేకుండా పడి ఉంటే, తనే కొడుకై నిప్పు పెట్టాడు. ముంతలన్నీ ఇక్కడినుంచే బోట్లలో తీసుకుపోయి కలిపాడు. ఇదొక్కటే మిగిలింది. గేటు దాకా వచ్చిన కొడుకు మళ్ళీ రాకపోతాడా అని ఇన్నాళ్ళూ దాచాడు.”

“ఎవరిదది?” అన్నాడు సంపత్.

వాచ్‌మన్ ఆ చనిపోయినాయన పేరు చెప్పాడు.

బాలవ్వ చెక్క దిగి, మెల్లగా నడిచొచ్చి కొడుకు భుజం పట్టుకుంది.

“ఎవలట బిడ్డా, ఆ పెద్దాయన?”

ఇన్నాళ్ళూ తల్లి ఏమడిగినా సంపత్ నోటికి అబద్ధం ఇట్టే వచ్చేది. ఈసారి రాలేదు.

“బాపుకు తలకొరివి పెట్టినాయన, అవ్వా.”