మాత్రకు రెండు సిగరెట్లు మాఫీ

పక్కింటి వదిన చెప్పినదాన్ని బట్టి, మేడ మీద గదిలోకి కొత్తగా దిగిన ముసలాయన ఏదో మందుల కంపెనీ ఏజెంటట. ఆ సంగతి ఆమెకు వీధి చివరి కుట్టుపనామె చెప్పిందట. కుట్టుపనామెకు ఎవరు చెప్పారో ఆమెకే గుర్తులేదట.

"ముందు మనింట్లో ఉన్న డబ్బా మంచిది కాదంటాడట. ఆ తర్వాత సంచీలోంచి తన డబ్బా తీస్తాడట. జాగ్రత్త వదినా!"

ఈ మాట విన్న పరుపులాయన భార్యకు అసలే తలనొప్పులకు కొదవలేదు.

ముందు గదిలో దూదేకే మిషను. దాని ముందు పొద్దస్తమానం దగ్గుతూ మొగుడు. కిటికీ తీస్తే దూది నూగు ఎగిరి, పక్కింటి వదిన ఆరేసిన బట్టల మీద వాలుతుంది. అందుకని కిటికీ ఎప్పుడూ మూతే.

పోనీ మొగుడు సిగరెట్లయినా మానతాడా అంటే, అదీ లేదు.

చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, మందుల షాపులో ఓ విటమిన్ డబ్బా కొనడం మొదలుపెట్టింది. 'ఊపిరితిత్తుల బలానికి' అని దాని మీద పెద్దక్షరాలతో ఉంది. రెండేళ్లుగా నెలకొకటి.

డబ్బా ఇంట్లోకొచ్చాక మొగుడు ఓ సూత్రం కనిపెట్టాడు.

"మాత్ర ఒకటి మింగితే రెండు సిగరెట్లు మాఫీ."

"ఎవరు చెప్పారయ్యా నీకు?"

"ఒకరు చెప్పాలా? బలం లోపలికెళ్తే పొగ దానంతటదే బయటికి పోదూ?"

ఆమె నెత్తి కొట్టుకుంది.

ముసలాయన దిగిన మర్నాడే గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఆ కిటికీ కాస్త తెరవకూడదూ? మనిషి గాలికి బదులు దూది పీలుస్తున్నాడు."

"తెరిస్తే పక్కింటావిడ నన్ను ఏకుతుంది."

"పోనీ ముక్కుకో మాస్కయినా కట్టించు."

రెండ్రోజులాగి మళ్లీ వచ్చాడు. సరిగ్గా భోజనాల వేళకి.

"ఏం కూర చేశావు తల్లీ?"

"ఏం, కంచం పెట్టమంటారా?"

"నాక్కాదమ్మా. ఇతని కంచంలో ఇంత ఆకుకూర, ఓ గుడ్డు, ఓ పండు ముక్క కనబడాలి. ఊపిరితిత్తులకి కావలసిన విటమిన్లు తిండిలోనే ఉన్నాయి."

"ఆకుకూర చూస్తే మొహం తిప్పుకుంటాడు. మాత్రయితే గుటుక్కున మింగుతాడు. మీరొచ్చి తినిపించండి, చూద్దాం!"

అడగని సలహాలు చెవి దగ్గర రొద పెడుతుంటే వీధి ఊరుకుంటుందా? ఆయనకి జోరీగ అని పేరు పెట్టేసింది.

ఓ రోజు మిషను పక్కనున్న డబ్బా ఆయన కంట పడింది. చేతిలోకి తీసుకుని చూశాడు. మొహం మారిపోయింది.

"ఇది ఇతనికా? సిగరెట్లు తాగేవాళ్లు ఇంత మోతాదు మాత్ర వేసుకోకూడదమ్మా. క్యారెట్టు తింటే మంచిదే. అందులోని రంగు పదార్థాన్ని మాత్రగా చేసి రోజూ మింగితేనే వీళ్లకి ముప్పు. నేను అక్కడ..."

"మీరెక్కడుంటే నాకేం? వదినా, వచ్చేసింది చూశావా డబ్బా మాట!"

"నేను చెప్పలా!" గోడవతలి నుంచి వదిన.

"ఒక్క నిమిషం తల్లీ. ఆ డబ్బా నేనే..."

"మీరే కొంటారా? అక్కర్లేదు. మీ సంచీలోది మాత్రం బయటికి తీయకండి."

మొగుడు సిగరెట్ ముట్టించుకుంటూ నవ్వాడు. "పెద్దాయనా, తాను దూర కంత లేదు, మెడకో డోలట. నీ గదిలో నువ్వు కూర్చోరాదూ?"

ఆమెకు ఓపిక నశించింది. ఇంటి ఓనరుతో చెప్పింది. వారం తిరక్కుండా గది ఖాళీ అయింది.

వెళ్లేటప్పుడు కూడా ఆయన ఊరుకోలేదు. "ఆ మాత్ర మాన్పించావా తల్లీ?"

"మీకో దణ్ణం. వెళ్లండి."

నాలుగు నెలల తర్వాత, పరుపొకటి భుజాన వేసుకుని పది మెట్లెక్కబోయి, అయిదో మెట్టు మీద కూలబడ్డాడు మొగుడు.

ఆసుపత్రిలో గొట్టం ఊదించారు. ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీశారు.

"ఊపిరి సగానికొచ్చింది. పోయింది తిరిగిరాదు. ఉన్నదయినా నిలబెట్టుకోవాలంటే సిగరెట్ ఆపాలి. కిటికీలు తెరవాలి, మాస్కు కట్టాలి, కంచంలో ఆకుకూరలూ పళ్లూ ఉండాలి" అంది డాక్టరమ్మ.

అంతా విన్న మాటే. గొంతే వేరు.

భార్య సంచీలోంచి డబ్బా తీసింది. "రెండేళ్లుగా ఇది కూడా వేస్తున్నానమ్మా."

డాక్టరమ్మ అది చదివి పక్కన పెట్టింది. "జబ్బు దీనివల్లేనని నేననను. కానీ పొగతాగేవాళ్లకి ఇది కాన్సర్ ముప్పు పెంచుతుంది. ఫొటోలో ఓ మచ్చ కనబడుతోంది. అదేమిటో తేలాలి."

ఆమె అక్కణ్ణుంచి తిన్నగా మందుల షాపుకొచ్చింది. తోడొచ్చిన వదిన పక్కనే నిలబడింది. మొగుడు షాపు మెట్టు మీద కూర్చుని రొప్పుతున్నాడు.

"తాగేవాళ్లకి పడదని ఒక్క మాట చెప్పావా తమ్ముడూ? నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

షాపతను తల దించుకున్నాడు.

"తప్పే అక్కా. మీ మేడగది పెద్దాయన ముందు నా దగ్గరికే వచ్చాడు. కొనేవాళ్లని 'సిగరెట్ తాగుతారా' అని అడిగి ఇమ్మన్నాడు. బేరాలు చెడగొట్టకని నేనూ పంపేశా."

"పోటీ కంపెనీ ఏజెంటు అలాగే అంటాడు మరి!" అంది వదిన.

"ఏజెంటా? ఈ మాత్ర తయారుచేసిందే ఆయన. ఆ ముప్పు సంగతి డబ్బా మీద వెయ్యమని కంపెనీతో పోట్లాడాడు. వాళ్లు వెయ్యలేదని ఆయనే చెప్పాడు. ఉద్యోగం వదిలేసి, ఇది అమ్మే ఊళ్లన్నీ పట్టుకు తిరుగుతున్నాడు. ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో."

మెట్టు మీంచి మొగుడు ఆగి ఆగి అడిగాడు.

"మరి... ఆ ముక్క... మాతో ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పనిచ్చారా?" అన్నాడు షాపతను.