కుక్క నోటి కంపు

రైల్వే యార్డులో డ్యూటీ దిగి బాగ్‌బేరా క్వార్టర్‌కు రాగానే నీలకంఠం కుక్కను ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో దాని పళ్ళు రుద్దసాగాడు. దాని నోరు కంపు కొడుతోందని భార్య నూకమ్మ రోజూ పోరుతోంది.

ఆవేళ అనుమానం వచ్చి దాని నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాడు.

"ఏటే, దీనికి కంపే నేదు. పళ్ళు తెల్లగా మెరిసిపోతన్నాయి. ఇంకా ఎందుకు తోమమంటన్నావు?"

నూకమ్మ తల దించుకుంది.

"కంపు దాన్ది కాదు. నీ ఖైనీ పొగాకుది. నీతో సెప్పడానికి నోరు రాక దాని మీద ఎట్టి సెప్పినాను."

నీలకంఠం తడిగుడ్డ పక్కన పెట్టేశాడు. ఇన్నాళ్ళూ ఆమె అటు తిరిగి పడుకున్నప్పుడల్లా అతను కుక్కనే కసిరి బయటికి తోలాడు.

తప్పయిందని చెప్పడానికైనా ఆమె ఎదుట నోరు తెరవలేకపోయాడు.