చెరో దోసెడు

"సంచి మీద పేరు మీరే రాశారా పెద్దమ్మా?" అని ల్యాబులో గింజలు పరీక్షించే అమ్మాయి జెబా అడిగింది.

"నేనే రాశా," అంది ధనమ్మ.

నాలుగు నెలల కింద మిరప గింజలు ఇచ్చిన రోజు రాసిన పేరు అది. 'ధ' కింద పెట్టాల్సిన గీత కుట్టు దాకా జారిపోయింది. పక్కనున్న రెండో సంచి మీద పేరు లేదు, వేలిముద్ర ఉంది. అది ఆమె తోటికోడలు వీరనాగమ్మది. రెండు సంచుల మూతులకూ లక్క ముద్రలు.

వెల్దుర్తిలో ఆ ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. అత్త చనిపోయిన ఏడు పొయ్యి దగ్గర మాటామాటా పెరిగి వేరుపడ్డారు. అత్త చేతి మిరప విత్తనాన్ని చెరో దోసెడు పంచుకున్నారు. ఇప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ మిరప రకం ఇప్పుడు ధనమ్మ పేరున రిజిస్టర్ కావాలి. షరతు ఒక్కటే. వేరుపడ్డ నాటి నుంచి మరో ఇంటి విత్తనం ముట్టకుండా, తెంపు లేకుండా ఆమే కాపాడి ఉండాలి. పోల్చి చూడటానికి వీరనాగమ్మ గింజలు కూడా తెప్పించారు.

"నా గింజలెందుకులే సార్, వాటిల్లో ఏముంది?" అని వీరనాగమ్మ ఆ రోజే అంది. వెక్కిరిస్తోందని ధనమ్మ పళ్ళు కొరుక్కుంది.

నరసరావుపేటలోని ఆ ల్యాబు గదిలో సంతకం పెట్టాల్సిన ఆఫీసరు నాగభూషణరావు పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళని అర్జీలో రాశావు. తేడా వచ్చిందంటే అర్జీ కొట్టేస్తా. రేపు ఊళ్ళో తలెత్తుకోలేవు. ఇప్పుడే చెప్పుకో."

"చెప్పుకునేదేముంది సార్? చూడండి," అంది ధనమ్మ. చేతులు ఒళ్ళో దాచుకుంది.

"అసలు గింజ వయసు ఎట్లా తెలుస్తదమ్మాయ్?" అని జెబాను అడిగింది.

జెబా కంప్యూటరు వైపు తిరిగే జవాబిచ్చింది. "గింజలో రాత ఉంటుంది పెద్దమ్మా. ప్రతి తరం ఆ రాతను మళ్ళీ ఎక్కించుకుంటుంది. ఎక్కించేటప్పుడు కొన్ని అక్షరాలు తప్పుతాయి. రెండు గింజల మధ్య ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెడితే, అవి ఎన్నేళ్ళ కింద వేరుపడ్డాయో తేలుతుంది. టమాటా, మిరపా కూడా ఒకప్పుడు ఒకే ఇంటివి. వేరుపడి దాదాపు రెండు కోట్ల ఏళ్ళయింది. అదీ ఇట్లాగే తేల్చారు."

"వాటికీ పొయ్యి దగ్గరే తగాదా వచ్చిందా?" అంది ధనమ్మ.

నాగభూషణరావు నవ్వాడు. వీరనాగమ్మ నవ్వలేదు. ఆమె ముందు టీ మీగడ కట్టింది. కొంగు చివర ముడి వేస్తోంది, విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది.

దానికి తెలుసు, అనుకుంది ధనమ్మ. తెలిసే వచ్చింది. నా పరువు పోతుంటే కళ్ళారా చూడాలని వచ్చింది.

నల్ల తామరపురుగు వచ్చిన ఏడు, నాలుగేళ్ళ కింద, ధనమ్మ చేలో పూత మాడింది, ఆకు ముడుచుకుంది. ఏరగా వచ్చిన నాలుగు బస్తాల కాయా ఆమె కంటికి పాలిపోయినట్టే కనిపించింది. గోడ అవతల కుప్ప మాత్రం నిప్పులా ఎర్రగా ఉంది. కోటప్పకొండ తిరునాళ్ళ రోజు వీరనాగమ్మ ఇంటికి తాళం పడింది. ధనమ్మ గోడ దూకింది. కొంగులో పట్టినన్ని కాయలు తెచ్చుకుంది. తన కాయంతా మిర్చి యార్డుకు అమ్మకానికి తోలేసి, ఆ కొంగులో కాయల నుంచే విత్తనం కట్టింది. ఈ సంచిలో ఉన్నది ఆ విత్తనమే.

లెక్క నిజమే చెబితే ముప్పై ఒకటి రాదు. నాలుగు వస్తుంది.

"పదేళ్ళ కింద మీ ఇంటి గింజలు వ్యవసాయ కాలేజీ వాళ్ళకు ఇచ్చారంట కదా పెద్దమ్మా? చల్లగదిలో భద్రంగా ఉన్నాయి. వాటి రాత కూడా చదివాం," అంది జెబా.

ధనమ్మ ఆ సంగతే మరిచిపోయింది. ఇక దాక్కునే చోటు లేదు.

"సార్," అని లేచింది. "నేనొక మాట..."

"ఉండమ్మా, వచ్చేసింది," అన్నాడు నాగభూషణరావు.

జెబా తెర ఇటు తిప్పింది. "ఈ రెండు సంచుల గింజలూ వేరుపడింది... ఏడాది అటూ ఇటూగా, ముప్పై ఒక్క ఏళ్ళ కింద. మధ్యలో ఎక్కడా కలవలేదు."

నాగభూషణరావు సంతకం పెట్టేశాడు.

ధనమ్మ నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది. ముప్పై ఒకటా? అట్లా ఎట్లా వస్తుంది? మిషను కళ్ళకు గంతలా? లేక దేవుడే కాపాడాడా?

"ఒక్క పొరపాటు జరిగింది సార్," జెబా గొంతు తగ్గించింది. "చల్లగదిలో ఉన్న ధనమ్మ గారి పాత గింజలతో కలుస్తున్నది వేలిముద్ర సంచి. పేరు రాసిన సంచి కలవడం లేదు. మా వాళ్ళే ఎక్కడో అటుది ఇటు, ఇటుది అటు పెట్టినట్టున్నారు. మీరిద్దరూ ఏమీ అనుకోకండి."

"పెద్ద ల్యాబు, పెద్ద చదువులు! ఇంతేనా మీ జాగ్రత్త?" అని నాగభూషణరావు ఆమె మీద విరుచుకుపడ్డాడు.

ధనమ్మ సంచుల వైపు చూసింది. జారిన 'ధ' అట్లాగే ఉంది. నల్లటి వేలిముద్ర అట్లాగే ఉంది.

వీరనాగమ్మ కొంగు ముడి వదిలేసి, ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత మొదటిసారి తోటికోడలి చెవి దగ్గరకు వంగింది.

"ఏందక్కా, ఆ ఏడు నువ్వు కూడా గోడ దూకావా?"